ఆరోగ్యవరం నుంచి అలిపిరి దాకా: రోగాన్ని కనిపెట్టే చేతుల చరిత్ర

మదనపల్లెకు కొద్ది దూరంలో, సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైబడిన ఎత్తున, బండరాళ్ళ గుట్టల నడుమ ఆరోగ్యవరం అన్న పేరుతో ఒక ఆసుపత్రి శతాబ్దానికి పైగా నిలిచి ఉంది. పలు క్రైస్తవ మిషన్ల ఉమ్మడి ప్రయత్నంగా 1912లో ఆరంభమై, 1915 నుంచి ఈ స్థలంలో స్థిరపడిన ఆ క్షయ చికిత్సాలయానికి తొలి అధిపతి డెన్మార్క్ దేశస్థుడైన క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్. క్షయకు మందన్నదే లేని ఆ రోజులలో రోగికి ఇవ్వగలిగినవి పొడిగాలి, ఎండ, విశ్రాంతి, పుష్టికరమైన తిండి మాత్రమే కావడం చేత, వైద్యుడు రోజుకొకసారి మంచం దగ్గర నిలిచి చూసి వెళ్ళినా, జ్వరం ఎప్పుడు ఎక్కిందో, కఫంలో నెత్తురు జీర ఎప్పుడు కనిపించిందో, రోగి బరువు ఏ వారంలో తగ్గిందో గమనించి రాసిపెట్టే బాధ్యత నర్సుల మీదనే పడింది. రోగనిర్ధారణ వైద్యుడి పేరు మీద జరిగినా, ఆ నిర్ధారణకు ఆధారమైన చూపులో అధికభాగం ఆనాటి నుంచే వేరొకరిది.

నేటికీ పూర్తిగా తేలని ఒక ప్రశ్నకు మన ప్రాంతంలో ఆనవాళ్ళు వెతికితే మొదట తగిలేది ఆ గుట్టల నడుమనే. మానవదేహం లోపలికి చూసే అధికారం ఎవరిది? ఆ చూపు విద్యార్హత వల్ల సిద్ధిస్తుందా, అభ్యాసం వల్ల సిద్ధిస్తుందా? పాశ్చాత్య దేశాలలో గడిచిన యాభై ఏళ్ళుగా ఈ ప్రశ్న పెద్దపేగు చుట్టూ తిరిగింది. క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టేందుకు మలద్వారం గుండా గొట్టం పంపి పేగు గోడలను పరీక్షించే పనిని శిక్షణ పొందిన నర్సులు చేయవచ్చునా అని అక్కడ వాదోపవాదాలు జరిగాయి, ప్రయోగాలు జరిగాయి, చాలాచోట్ల ఆ పని నర్సుల చేతికి వచ్చింది. తిరుపతి, చిత్తూరు సీమలో ఆ ఘట్టం ఇంకా రాలేదు. అయితే దానికి పూర్వరంగం అనదగిన చరిత్ర ఇక్కడ నూరేళ్ళకు పైగా ఉంది.

ఆ చరిత్రకు తొలి పాఠశాల రాష్ట్ర సరిహద్దుకు ఆవల ఉన్న వేలూరు. 1900లో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టిన అయిడా స్కడర్, 1909లో డీలియా హౌటన్ సాయంతో అక్కడ నర్సుల శిక్షణాలయాన్ని నెలకొల్పింది. అప్పటికి చిత్తూరు ప్రత్యేక జిల్లా కాలేదు. ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలను కలిపి 1911లో దాన్ని ఏర్పరచారు. పాలనాపరమైన గీతలు మారినా జబ్బుచేసినవాడి దారి మారలేదు. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు ప్రాంతాల వారికి ఆనాడూ ఈనాడూ పెద్ద జబ్బంటే వేలూరు ప్రయాణమే.

తొలి తరం నర్సులు ఎదుర్కొన్న అవరోధం మన ప్రస్తుత విషయానికి దగ్గరిది. రోగి మలమూత్రాలను ముట్టే పని కనుక అది అంటు పని అయింది. అంటు పని కనుక అగ్రవర్ణ కుటుంబాలు తమ ఆడపిల్లలను దాపులకు రానీయలేదు. ఆ శిక్షణకు ముందుకొచ్చినవారిలో అత్యధికులు క్రైస్తవ కుటుంబాల బాలికలు, ఆదరణ కరువైన స్త్రీలు. ఇందులోనే ఒక దీర్ఘకాలిక శ్రమవిభజన రూపుదిద్దుకొంది. మలపాత్రను ఎత్తే చేయి నర్సుది, మలాన్ని గురించి తీర్పు చెప్పే నోరు వైద్యుడిది. ఆ పాత్రలో నల్లని జిగట రక్తాన్ని మొదట చూసేది ఆమె. దానికి అర్థం చెప్పే హక్కు మాత్రం ఆమెకు లేదు. ఈ విభజనకు వైద్యశాస్త్రం ఎంత కారణమో, కులమూ లింగభేదమూ అంతే కారణమని నా అభిప్రాయం. తర్వాతి కాలంలో వచ్చిన అభ్యంతరాలను తూచేటప్పుడు కూడా ఈ సంగతిని విస్మరించకూడదు.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు ఆరోగ్యవరం మళ్ళీ చరిత్రలోకి వస్తుంది. 1948 ఆగస్టులో భారతదేశంలో క్షయ నివారణకు వేసే బి.సి.జి. టీకా ప్రయోగాత్మకంగా మొదలైనది మదనపల్లెలోనే. టీకా వేయడానికి ముందు ముంజేతి చర్మంలోకి ట్యుబర్‌క్యులిన్ ఎక్కించి, మూడో నాడు ఆ వాపును కొలబద్దతో కొలిచి, ఎవరికి టీకా అవసరమో, ఎవరికి అక్కరలేదో విడదీయాలి. దేశమంతటా కోట్ల చేతుల మీద ఈ పని చేయాలంటే వైద్యులు చాలరు. అందుచేత 1951 నుంచి విస్తృతస్థాయికి పెరిగిన ఆ ఉద్యమంలో సూది పట్టినదీ, వాపు కొలిచినదీ వైద్యపట్టం లేని టెక్నీషియన్లు. బృందానికొక వైద్యుడు పర్యవేక్షకుడుగా ఉండేవాడు. ఒకే చేతి వాపును ఇద్దరు వేర్వేరుగా కొలిచి, అంకెలను పోల్చి, ఎవరి కొలత తప్పుతోందో పట్టుకొనే పద్ధతి ఆనాటి క్షయ సర్వేల ద్వారా అలవాటైంది. చూడడానికి చిన్న విషయమే, కానీ పరీక్షించేవాడిని కూడా పరీక్షించాలన్న నియమం మన ప్రజారోగ్య వ్యవస్థలోకి వచ్చిన దారులలో ఇది ముఖ్యమైనది.

ఆ ఉద్యమానికి ప్రతిఘటన లేకపోలేదు. 1955లో చక్రవర్తి రాజగోపాలాచారి బహిరంగంగా దానిని వ్యతిరేకించారు. ఆరోగ్యవంతమైన దేహంలోకి, రాజ్యం ప్రోద్బలంతో, సామూహికంగా ఒక పదార్థాన్ని ఎక్కించడం ఆయనకు సమ్మతం కాలేదు. ఆయన శాస్త్రీయ వాదనలలో కొన్ని నిలవకపోయినా, ఆరోగ్యంగా ఉన్న మనిషిని రోగం పేరుతో సమీపించేటప్పుడు రుజువు భారం సమీపించేవాడి మీదనే ఉంటుందన్న ఆయన మూలసూత్రం నేటి స్క్రీనింగ్ చర్చలన్నిటికీ వర్తిస్తుంది. ఆరోగ్యవరం తొలి అధిపతి క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ కుమారుడు యోహానెస్ మదనపల్లె చుట్టుపక్కల పల్లెలలో 1950 నుంచి ఈ టీకాను తులనాత్మకంగా పరీక్షించాడు. 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలైన మహాప్రయోగం మాత్రం, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయ నుంచి ఈ టీకా రక్షణ ఇవ్వలేదని తేల్చి అందరినీ నిరుత్సాహపరచింది. టీకా వేసిన చేతులలో లోపం లేదు, వేసిన టీకాకే ఆ మేరకు శక్తి లేదు. చేసేవాడి నైపుణ్యం ఒక ప్రశ్న, చేసే పని వల్ల ప్రయోజనం మరొక ప్రశ్న. ఈ రెంటినీ కలిపేసినప్పుడల్లా ప్రజారోగ్యం దారి తప్పింది.

ఇదే కాలంలో పొరుగు రాష్ట్రంలోని తుంకూరు జిల్లాలో జరిగిన ఒక అధ్యయనాన్ని ఇక్కడ స్మరించాలి. బెంగుళూరులో 1959లో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థ తరఫున డి. బెనర్జీ, ఆండర్సన్ 1963లో ప్రకటించిన ఆ పరిశోధన, కఫంలో క్షయ క్రిములున్న వారిలో దాదాపు సగం మంది తమంతట తామే ఏదో ఒక వైద్యశాలకు వెళ్ళి ఉన్నారని, వారిని దగ్గు మందు సీసా చేతికిచ్చి తిప్పి పంపేశారని వెల్లడించింది. పల్లెజనానికి అవగాహన లేదని అంతవరకూ చెప్పుకొంటూ వచ్చిన విద్యావంతులకు అది కనువిప్పు. రోగి వచ్చాడు, పరీక్షించే చేయి అక్కడ లేదు.

ఆ దగ్గు మందు సీసాకు నేడు పెద్దపేగు విషయంలో సరిసమానమైనది మొలలు అన్న మాట. మా వైపు పల్లెలలో విరేచనంలో నెత్తురు పడితే మనిషి మొదట ఒళ్ళు వేడి చేసిందంటాడు, మజ్జిగ ఎక్కువ తాగుతాడు, మెంతులు నానబెట్టుకొంటాడు. తగ్గకపోతే మొలలు అనుకొంటాడు. బస్టాండు గోడలమీదా, రైల్వే గేట్ల దగ్గరా, కోత లేకుండా మొలలు నయం చేస్తామన్న రాతలు కనిపిస్తూనే ఉంటాయి. అక్కడికి వెళ్తే వేలు పెట్టి చూసేవారు కూడా ఉండరు. పదిమందిలో తొమ్మిదిమందికి అది నిజంగా మొలలే కావచ్చు. మిగిలిన ఆ ఒక్కడు తిరుపతి పెద్దాసుపత్రికి చేరేసరికి, మలాశయంలో గడ్డ దారిని సగం మూసేసి ఉంటుంది. నేను ఎరిగిన ఒక వ్యవసాయదారుడు పద్నాలుగు నెలలు ఇలాగే మూడు చోట్ల తిరిగాడు. మూడు చోట్లా చీటీ రాశారు, ఒక్కచోట కూడా పరీక్షించలేదు.

పరీక్షించే చేతులు ఎందుకు లేవన్న ప్రశ్నకు 1946 నాటి భోర్ కమిటీ నివేదికలో ఒక సమాధానం ఉంది. అప్పటి బ్రిటిష్ ఇండియాలో 6,300 మందికి ఒక వైద్యుడు ఉండగా, 43,000 మందికి ఒక నర్సు ఉండేది. నర్సుల కంటే వైద్యులు అనేక రెట్లు ఎక్కువగా ఉన్న ఈ తలకిందుల పిరమిడ్‌ను కమిటీ గుర్తించింది, నర్సుల దుర్భర పరిస్థితులను కూడా ఎత్తి చూపింది. అయితే అదే కమిటీ తక్కువ కాలపు వైద్యవిద్య అయిన లైసెన్షియేట్ కోర్సులను రద్దు చేసి ఒకే ఒక ఉన్నత ప్రమాణపు వైద్యుడిని తయారు చేయాలని నిశ్చయించింది. ఆ ఆశయం ఉదాత్తమైనదే. దాని ఫలితంగా మధ్యస్థాయిలో పనిచేయగల శ్రేణి ఒకటి అదృశ్యమై, ఆ ఖాళీని దశాబ్దాల పాటు పట్టాలేని గ్రామీణ వైద్యుడు పూరించాడన్నది కూడా చెప్పవలసిందే.

1973లో కర్తార్ సింగ్ కమిటీ సిఫారసుతో బహుళార్థ ఆరోగ్య కార్యకర్తగా మారిన ఏ.ఎన్.ఎం., అంటే మన పల్లెల నర్సమ్మ, ఈ చరిత్రలో అందరికంటే ఎక్కువ భారం మోసింది, అందరికంటే తక్కువ గుర్తింపు పొందింది. ఎమర్జెన్సీ కాలపు కుటుంబ నియంత్రణ లక్ష్యాలు ఆమెను ఊరివాళ్ళు చూసి తప్పుకొనే మనిషిని చేశాయి. ఆమె మీద పడిన ఆ అపనమ్మకం తొలగడానికి చాలా ఏళ్ళు పట్టింది. అయినా ఒక విషయం గమనార్హం. సబ్‌సెంటరు గదిలో, తెర చాటున, స్త్రీ గర్భాశయంలోకి లూపు వేసే పనిని శిక్షణ పొందిన నర్సమ్మలే దశాబ్దాలుగా నిర్వహిస్తున్నారు. దేహాంతర్భాగంలో, కంటికి పూర్తిగా కనబడని చోట, స్పర్శజ్ఞానం మీద ఆధారపడి చేసే పని అది. వైద్యురాలు కాని స్త్రీ దాన్ని చేయడం మన సమాజానికి సమ్మతమైంది, చట్టానికీ సమ్మతమైంది. కనుక వైద్యులు కానివారు లోపలి అవయవాన్ని ముట్టరాదన్నది మన వ్యవస్థలో ఎన్నడూ నిరపవాద నియమంగా లేదు. ఏ అవయవం, ఎవరి దేహం, ఎవరి అవసరం అన్నదాన్ని బట్టి ఆ నియమం సడలుతూ బిగుస్తూ వచ్చింది.

పేగుల జబ్బులతో ఈ సీమకున్న పరిచయం కూడా పాతదే. 1960ల ఆరంభంలో వేలూరు పరిసర గ్రామాలలో స్ప్రూ అనే దీర్ఘకాలిక విరేచనాల వ్యాధి ప్రబలినప్పుడు, అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సి.ఎం.సి.)కి చెందిన సెల్విన్ బేకర్, వి.ఐ. మథాన్ దాన్ని సంవత్సరాల తరబడి పరిశోధించారు. రోగి చేత దారానికి కట్టినట్లుండే చిన్న లోహపు గుళికను మింగించి, చిన్నపేగు లోపలి పొర నుంచి ముక్క కత్తిరించి తీసే పద్ధతి అప్పుడు వాడుకలో ఉండేది. కన్ను ఇంకా లోపలికి వెళ్ళలేదు.

కన్ను లోపలికి వెళ్ళడానికి ఒక భారతీయుడి పాత్ర ఉంది. పంజాబుకు చెందిన నరీందర్ సింగ్ కపానీ, హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి సన్నని గాజు తంతువుల కట్ట గుండా బొమ్మను వంపులు తిప్పి పంపవచ్చునని 1954లో నిరూపించాడు. 1957లో బాసిల్ హిర్షోవిట్జ్ ఆ సూత్రంతో జీర్ణాశయాన్ని చూశాడు. 1969 నాటికి న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా పెద్దపేగు మొత్తాన్ని చూడడమే గాక, అందులో మొలిచిన పిలకను (పాలిప్‌ను) వైరు ఉచ్చుతో కోసి తీయగలిగారు. పెద్దపేగు క్యాన్సర్లలో అధికభాగం ఇటువంటి పిలకల నుంచి, పదేళ్ళో అంతకు మించో పట్టే నెమ్మది పరిణామం ద్వారా, పుడతాయి గనుక పిలకను తీసివేస్తే క్యాన్సర్‌నే నివారించవచ్చునన్న ఆశ చిగురించింది. ఆ ఆశ నిజమైతే చూడవలసిన పేగులు లక్షలు, చూసే వైద్యులు వందలు. క్షయ విషయంలో 1951లో ఎదురైన లెక్కే ఇక్కడా ఎదురైంది.

1977లోనే అమెరికాలో నర్సుల చేత సిగ్మాయిడోస్కోపీ, అంటే పెద్దపేగు చివరి భాగపు పరీక్ష, చేయించిన అనుభవం వైద్యపత్రికలకెక్కింది. 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన విలియం మౌల్ వ్యాసం, తగిన శిక్షణ పొందిన నర్సులు ఈ పరీక్షలో నిపుణులైన వైద్యులకు తీసిపోరని చూపింది. బ్రిటన్‌లో వేచి ఉండే రోగుల జాబితాలు పెరిగిపోవడంతో 1990ల నడిమి నుంచి నర్స్ ఎండోస్కోపిస్టు అన్న పదవి అధికారికంగా రూపుదిద్దుకొంది. 2009లో అక్కడి 23 ఆసుపత్రులలో నర్సులనూ వైద్యులనూ పోల్చి జరిగిన ప్రయోగ ఫలితాలు వెలువడ్డాయి. ఏడాది తర్వాత రోగుల స్థితిలో తేడా లేదు. నర్సులు మరింత క్షుణ్ణంగా చూశారు, రోగులు వారి పట్ల ఎక్కువ తృప్తి ప్రకటించారు. అయితే ఖర్చుకు తగిన ఫలం లెక్కలో వైద్యుల వైపే కొంత మొగ్గు కనిపించింది. నర్సు అంటే చవక అన్న ఊహతో ఈ మార్గాన్ని సమర్థించేవారు ఆ చివరి అంశాన్ని దాటవేయడం న్యాయం కాదు. 2006లో ఇంగ్లండ్ జాతీయ పెద్దపేగు స్క్రీనింగ్ ఆరంభించినప్పుడు మలపరీక్షలో రక్తం తేలినవారిని ముందుగా కలిసి, మాట్లాడి, తర్వాతి పరీక్షకు సిద్ధం చేసే బాధ్యత ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులకే అప్పగించారు. ప్రత్యేక పరీక్షలో ఉత్తీర్ణులైన నర్సులు పెద్దపేగు మొత్తాన్ని చూసే కొలనోస్కోపీ కూడా చేస్తున్నారు.

విమర్శ వేరే దిక్కు నుంచి వచ్చింది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ సంస్థలో శిక్షణ పొందిన ముగ్గురు నర్స్ ప్రాక్టిషనర్లు వెయ్యికి పైగా కొలనోస్కోపీలు సురక్షితంగా చేశారని 2020లో ప్రకటితమైనప్పుడు, ఆ రోగులలో నల్లజాతివారే అధికులు కావడం అనేకులను కలవరపెట్టింది. కొత్త పద్ధతిని ఎవరి మీద మొదట వాడుతున్నారు, ఎవరికి మాత్రం ఎప్పటిలాగా నిపుణుడిని కేటాయిస్తున్నారు అన్న ప్రశ్న అది. రాయలసీమ పేదరోగిని దృష్టిలో పెట్టుకొని ఆలోచించే మనకు ఇది దూరపు వివాదం కాదు. పల్లెకు నర్సు, పట్టణానికి వైద్యుడు అన్న విభజన స్థిరపడితే, సదుద్దేశంతో మొదలైన ఏర్పాటు కూడా రెండో తరగతి వైద్యంగా మారుతుంది. బ్రిటన్‌లో ఆ ఆక్షేపణ బలపడకపోవడానికి కారణం, అక్కడ ఒకే ఆసుపత్రిలో, ఒకే గదిలో, ఒకే కొలమానాల కింద ఇద్దరూ పనిచేయడం.

దక్షిణ భారతం ఈ మధ్యకాలంలో చేతులు ముడుచుకొని కూర్చోలేదు. తిరువనంతపురం జిల్లాలో, వైద్యులు కాని పట్టభద్రులు ఇంటింటికీ తిరిగి నోటిని పరీక్షించగా, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. తమిళనాడు దిండిగల్ జిల్లాలో రెంగస్వామి శంకరనారాయణన్ బృందం నడిపిన ప్రయోగం ఇంకొక అడుగు ముందుకు వేసింది. అక్కడ గర్భాశయ ముఖద్వారాన్ని చూసినవారూ, అనుమానం ఉన్నచోట ముక్క తీసినవారూ, అవసరమైతే శీతల చికిత్స చేసినవారూ నర్సులే. ఆ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గినట్లు 2007లో ప్రకటించారు. ముంబైలో టాటా మెమోరియల్ వారు పదో తరగతి చదివిన స్త్రీలకు శిక్షణనిచ్చి చేసిన ప్రయోగంలోనూ 31 శాతం తగ్గుదల కనిపించింది. పోలిక కోసం పరీక్ష లేకుండా వదిలేసిన స్త్రీల మరణాల గురించి నైతికమైన ఆక్షేపణలు వచ్చాయి, అవి తేలికగా తోసిపుచ్చదగినవి కావు. ఆ మూల్యం చెల్లించాకనైనా జ్ఞానం స్థిరపడింది. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్లకు 30 నుంచి 65 ఏళ్ళ వారిని అయిదేళ్ళకొకసారి పరీక్షించాలన్న విధానాన్ని ప్రకటించి, ఆ పనిని క్షేత్రస్థాయి సిబ్బందికి అప్పగించింది.

2018 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వెలసిన పదివేలకు పైబడిన విలేజ్ క్లినిక్కులలో బి.ఎస్సీ. నర్సింగ్ చదివిన మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్తలు నియమితులయ్యారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి క్యాన్సర్ పరీక్షలకు పూనుకొన్నప్పుడు ఆ భారం వీరి మీదా, ఏ.ఎన్.ఎం.ల మీదా పడింది. క్లినిక్కు గదిలో గర్భాశయ ముఖద్వారపు పరీక్షగా జరిగేది చాలా సాదా వ్యవహారం. బల్ల, తెర, టార్చిలైటు, పలుచన చేసిన వెనిగర్ లాంటి ఆమ్లంలో ముంచిన దూది. దూదిని అద్ది ఒక నిమిషం ఆగాలి. జబ్బు పొంచి ఉన్న చోట తెల్లని మచ్చ పైకి తేలుతుంది. ఆ నిమిషంలో నర్సు రోగిని మాటల్లో పెడుతుంది. "ఏం కాదులే అక్కా, ఊపిరి పీల్చుకో, అయిపోయింది" అంటుంది. "మగ డాక్టరయితే నేను వచ్చేదాన్నే కాదు సిస్టరూ" అని ఆవిడ అంటుంది. ఈ రెండో మాట ఏ ప్రయోగ పట్టికలోనూ కనబడదు గానీ, ఎవరు పరీక్షించాలన్న ప్రశ్నకు పల్లె స్త్రీ ఇచ్చే సమాధానం అదే.

మరి పెద్దపేగు ఈ ప్రభుత్వ పరీక్షల జాబితాలో ఎందుకు చేరలేదు? మొదటి కారణం న్యాయమైనది. పాశ్చాత్యులతో పోలిస్తే మనలో ఈ క్యాన్సర్ తక్కువ. తక్కువగా ఉన్న జబ్బు కోసం ఆరోగ్యవంతులందరినీ వడపోస్తే, దొరికేవారి కంటే అనవసరంగా హడలిపోయేవారే ఎక్కువ. ఐరోపాలో జరిగిన ఒక పెద్ద ప్రయోగం 2022లో వెల్లడించిన ఫలితాలు కూడా ఉత్సాహాన్ని కొంత అదుపులో పెట్టాయి. కొలనోస్కోపీకి ఆహ్వానించిన వారిలో పదేళ్ళలో క్యాన్సర్ 18 శాతం తగ్గింది గానీ, మరణాలలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఆహ్వానం అందినవారిలో సగం మంది కూడా పరీక్షకు రాకపోవడం అందుకొక కారణం. రెండో కారణం సాధన సంపత్తి. మలపరీక్షలో రక్తం తేలిన ప్రతివారికీ కొలనోస్కోపీ చేయవలసి వస్తుంది, ఆ గదులు జిల్లా కేంద్రం దాటి లేవు. కర్నూలు వైద్యకళాశాలలో చదివిన డి. నాగేశ్వర్ రెడ్డి 1994లో స్థాపించిన సంస్థ వల్ల హైదరాబాదు ఈ విద్యకు ప్రపంచస్థాయి కేంద్రమైంది, కానీ ఆ విద్య పట్టణాలలోనూ వైద్యుల చేతులలోనూ ఆగిపోయింది. మూడోది చట్టం. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం పరిమిత అధికారాలు గల సామాజిక ఆరోగ్య సేవకుల గురించి ఒక సెక్షన్ చేర్చినప్పుడు వైద్యసంఘాలు దేశవ్యాప్తంగా ఆందోళన చేశాయి. వారి భయంలో స్వార్థం లేదని అనలేము, పూర్తిగా స్వార్థమే అనడం కూడా సబబు కాదు. పేగుకు చిల్లు పడడం అరుదే అయినా, పడితే గంటలలో శస్త్రచికిత్స కావాలి. అది దగ్గరలో లేనిచోట గొట్టం పట్టుకొనే చేయి ఎవరిదైనా ప్రమాదమే.

ఇన్ని కారణాలనూ అంగీకరించాక కూడా తిరుపతిలో ఒక అసంగతి మిగులుతుంది. 1960లో వెలసిన శ్రీ వేంకటేశ్వర వైద్యకళాశాల, దానికి అనుబంధమైన రుయా ఆసుపత్రి, 1993లో సేవలు మొదలుపెట్టిన స్విమ్స్ వైద్యసంస్థ, అలిపిరి సమీపంలో టాటా ట్రస్టుల తోడ్పాటుతో 2022 మేలో ప్రారంభమైన క్యాన్సర్ సంస్థ, చిత్తూరు దగ్గర వేలూరు సి.ఎం.సి. వారి ప్రాంగణం, ఇన్ని బోధనాలయాలు ఇంత దగ్గరగా ఉన్న ప్రాంతం రాయలసీమలో మరొకటి లేదు. ఇటువంటి పెద్దాసుపత్రులలోని ఎండోస్కోపీ గదిలో కాసేపు నిలబడితే ఒక దృశ్యం కనబడుతుంది. వైద్యుడు పరీక్ష ముగించి చేతి తొడుగులు తీసేసి వెళ్ళాక, ఆ నల్లని గొట్టాన్ని అందుకొనేది నర్సో టెక్నీషియనో. తడిగుడ్డతో పైనుంచి కిందికి తుడుస్తారు, గాలి ఊది నీటిలో ముంచి ఎక్కడైనా బుడగ వస్తోందేమో చూస్తారు, పొడవాటి సన్నని బ్రష్షును లోపలి నాళం గుండా దూర్చి రెండో కొన నుంచి శుభ్రంగా బయటికి వచ్చేదాకా తోముతారు, సైడెక్స్ అనే క్రిమిసంహారక ద్రావణంలో ఇరవై నిమిషాలు నానబెట్టి, కడిగి, ఆరబెట్టి వేలాడదీస్తారు. పిలకను కోసేటప్పుడు ఉచ్చు తెరిచి మూసేది కూడా వైద్యుడి మాట మేరకు వారే. గొట్టం ఏ వంపులో మొరాయిస్తుందో, రోగి కడుపు మీద ఎక్కడ అరచేయి అదిమితే అది ముందుకు సాగుతుందో పదేళ్ళు అక్కడ నిలబడిన సిస్టరుకు తెలుసు. కొత్తగా చేరిన పి.జి. విద్యార్థికి ఆమె నెమ్మదిగా చెప్పి, మళ్ళీ వెనక్కి జరిగి నిలబడుతుంది. ఆమెతో చదువుకొని బ్రిటన్ వెళ్ళిన సహాధ్యాయినికి ఆ గొట్టం పట్టే శిక్షణకు దారి తెరిచి ఉంది. ఇక్కడే ఉండిపోయిన ఆమెకు లేదు.

దిండిగల్ నర్సులు అంత పని చేయగలిగింది వారి హోదా వల్ల కాదు. పని పరిధిని స్పష్టంగా గీశారు, వారు చూసినదాన్ని మరొకరు మళ్ళీ చూసే ఏర్పాటు ఉంది, జబ్బు దొరికిన మనిషికి చికిత్స దాకా దారి ఉంది. ఈ మూడూ లేనిచోట వైద్యుడి చేయి కూడా దగ్గు మందు సీసాతోనే సరిపెట్టింది. అందువల్ల ఈ సీమలో ఊరందరికీ పేగు పరీక్షలు చేయాలని నేను కోరడం లేదు. నలభై దాటి, మూడు వారాలకు మించి విరేచనంలో నెత్తురు పడుతున్నవారికీ, ఇంట్లో ఈ క్యాన్సర్ వచ్చినవారికీ మాత్రం విలేజ్ క్లినిక్కులోనే మలపరీక్ష జరగాలి. రక్తం తేలినవారి పేరు అదే రోజు బోధనాసుపత్రికి చేరాలి. అక్కడ, శస్త్రవైద్యుడు పక్క గదిలో ఉండగా, నియమిత సంఖ్యలో పర్యవేక్షిత పరీక్షలు పూర్తి చేసిన నర్సులు పేగు చివరి భాగాన్ని చూడడానికి అనుమతి ఉండాలి. వారి ఫలితాలనూ వైద్యుల ఫలితాలనూ ఒకే పుస్తకంలో, ఒకే కొలమానంతో రాయాలి. స్విమ్స్, రుయా, అలిపిరి క్యాన్సర్ సంస్థలు కలిసి ఒక మండలంతో మొదలుపెడితే చాలు. బి.సి.జి. టీకా మొదలైన మదనపల్లె కూడా 1948లో ఒక్క ఊరే.